ఎడమ పక్క నుంచి అందిన మాట

మా పెద్దమ్మకి ఆఫీసులో పెట్టిన పేరు చెవులమ్మ. ఎదురుగా ఎవరూ అనరు, వినిపిస్తుంది కాబట్టి. వెనకాల అన్నా ప్రయోజనం లేదు, అదీ వినిపిస్తుంది.

ఆమె పని టేపులు విని టైపు కొట్టడం. మా ప్రచురణ సంస్థ పాతతరం నటుల జీవితాలు పుస్తకాలుగా వేస్తుంది. నాటకాల వాళ్ళు, మాటల్లేని సినిమాల నుంచి మాటల సినిమాల్లోకి వచ్చినవాళ్ళు, టీవీ కొత్తలో ఇంటింటికీ చుట్టాలైపోయినవాళ్ళు, అందరూ మా అల్మారాలో ఉన్నారు. అట్ట మీద నటుడి పేరు చూసి, పాపం ఆయనే కూర్చుని రాశాడనుకుంటారు అమాయకులు. ఎవరూ రాయరండీ. మైకు ముందు కూర్చుని మాట్లాడతారు, అంతే. పబ్లిషరుగారు అడుగుతారు, వాళ్ళు చెబుతారు, టేపు తిరుగుతుంది. ఆ టేపు పెద్దమ్మ బల్ల మీదకి వస్తుంది, ఆమె కొట్టిన కాగితాలు నా బల్ల మీదకి వస్తాయి. నేను ప్రూఫులు దిద్దుతాను. ఆ ఉద్యోగం నాకు వేయించింది కూడా ఆమే, కాబట్టి నా తప్పులు పట్టుకునే హక్కు తనకి పుట్టుకతో వచ్చిందనుకుంటుంది.

చెవులకి హెడ్‌ఫోన్లు, కాలి కింద టేపుని ఆపే పెడలు, వేళ్ళు టైపు మిషను మీద. ఇంటి దగ్గర కుళాయి కట్టాలన్నా ఆమె కుడికాలు ఒకసారి నేలని నొక్కుతుంది, అంత అలవాటు. వినిపించింది ఏదీ వదలదు. దగ్గు వస్తే బ్రాకెట్లో దగ్గు. కుర్చీ కిర్రుమంటే బ్రాకెట్లో కుర్చీ. మనిషి మాట్లాడకుండా ఆగితే చుక్కలు. మూడు చుక్కలంటే గుటక వేశాడని, ఐదు చుక్కలంటే ఆలోచిస్తున్నాడని. "ఏడు చుక్కలు పడ్డాయంటే అబద్ధం బయల్దేరిందని అర్థం చేసుకో," అని నాకు మొదటిరోజే పాఠం చెప్పింది.

"ఆయన గుటక వేస్తే చదివేవాళ్ళకెందుకమ్మా?" అని పబ్లిషరుగారు విసుక్కునేవారు.

"నాకేం తెలుసండీ. వినిపించింది, కొట్టాను. తీసెయ్యడానికి అదుగో, ఎర్ర కలంతో దాన్ని కూర్చోబెట్టారుగా."

'దాన్ని' అంటే నన్నే.

ఇంత చెవి ఆమెకి ఊరికే రాలేదు. వాళ్ళ నాన్న, అంటే మా తాతయ్య, నాటకాల కంపెనీలో ప్రాంప్టరు. స్టేజికి ఎడమ పక్క తెర వెనక స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో నాటకం పుస్తకం, కాళ్ళ దగ్గర మూడు వైపులా రేకు కట్టిన నూనె దీపం పెట్టుకుని, నటుడు మాట మర్చిపోతే అందించడం ఆయన పని. వాక్యమంతా చెప్పకూడదట. మొదటి రెండు ముక్కలు, అంతే. గొంతులో ఏడుపూ నవ్వూ కోపమూ ఏవీ ఉండకూడదు. ఏ మాటైనా సరుకుల చీటీ చదివినట్టు చెప్పాలి. భావం నటుడి సొత్తు, ప్రాంప్టరు దాని జోలికి పోకూడదు. ఇంట్లో పిల్లలు పాఠం అప్పజెబుతూ ఆగిపోతే కూడా ఆ గొంతుతోనే రెండు ముక్కలు అందించేవాడని అమ్మ చెబుతుంది.

ఆ కంపెనీలో రాజు వేషాలన్నీ ఒకాయనే వేసేవారు. రాజావారు అనేదే ఆయన పేరైపోయింది. పాతికేళ్ళపాటు తాతయ్య అందించాడు, ఆయన అందుకున్నారు. అందుకోవడం అంటే మామూలు సంగతి కాదు. నటుడికి ఎడమ పక్క నుంచి ఏది వినిపిస్తే అది నోట్లోంచి వచ్చేస్తుంది. మధ్యలో ఆలోచన ఉండదు. ఒకసారి నిండు సభ సీనులో రాజావారి కిరీటం పక్కకి ఒరుగుతుంటే తాతయ్య మెల్లిగా "కిరీటం జారుతోంది" అన్నాడట. రాజావారు మంత్రుల వైపు తిరిగి కళ్ళెర్రజేసి "కిరీటం జారుతోంది!" అని గర్జించారు. మంత్రి వేషగాడు హడలిపోయి తన తలపాగా రెండు చేతులా పట్టుకున్నాడు. హాలంతా చప్పట్లు. రాజ్యం చేజారుతున్న రాజు బాధ ఆ ఒక్క మాటలో పలికిందని మర్నాడు పేపర్లో రాశారట కూడా. ఈ కథ చెప్పినప్పుడల్లా పెద్దమ్మ కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వుతుంది.

ఆ తరవాతి కథ చెప్పేటప్పుడు మాత్రం నవ్వదు. నలభై ఏళ్ళ కిందట ఒక ఆట మధ్యలో ఎడమ పక్క తెర అంటుకుంది. చూడటానికి వచ్చినవాళ్ళందరూ బయటపడ్డారు. తెర తాడు లాగే ముసలాయన ఒక్కడూ పోయాడు. తాతయ్యని పొగలోంచి బయటికి ఈడ్చుకొచ్చారు గానీ గొంతు పోయింది. ఆ తరవాత రెండేళ్ళు బతికాడు. మాట రాదు సరే, చేతులు బాగానే ఉన్నాయి, ఇంట్లో పలకా బలపం ఉన్నాయి. ఏం జరిగింది నాన్నా అని అడిగితే పలక బోర్లించి పక్కన పెట్టేవాడట. అవుననీ రాయలేదు, కాదనీ రాయలేదు.

నిప్పు లేనిదే పొగ రాదన్నారు జనం. దీపం ఎవరి కాళ్ళ దగ్గరుంది? ప్రాంప్టరు కాళ్ళ దగ్గర. అయిపోయింది. మా ఇంటివాళ్ళం దీపంవాళ్ళమైపోయాం. బడిలో అమ్మ పక్కన కూర్చోవాల్సిన పిల్లలు అగ్గిపెట్టె వాసన వస్తోందని ముక్కు మూసుకునేవారట. పెద్దమ్మకి అప్పుడు పద్దెనిమిదేళ్ళు. ఆ రోజు నుంచి ఆమెకి ఒకే నమ్మకం. రాజావారిది నేల మీద ఈడ్చే అంగీ. సీను అయ్యాక ఎడమ పక్క నుంచే లోపలికి వచ్చేవారు. ఆ అంగీ అంచు తగిలి దీపం పడిందని, కంపెనీకి రాజు కావాలి కాబట్టి తాతయ్య నోరు మూసుకున్నాడని. సాక్ష్యం ఏదీ లేదు. నమ్మకానికి సాక్ష్యం ఎందుకు చెప్పండి.

అలాంటి మనిషి బల్ల మీదకి నిరుడు రాజావారి టేపులు వచ్చాయి.

ఆయనకి ఎనభై నాలుగేళ్ళు. ఇన్నాళ్ళకి తన జీవితం పుస్తకంగా వేయించుకోవాలని కోరిక పుట్టింది. పబ్లిషరుగారు మొహమాటపడుతూనే పెద్దమ్మని అడిగారు, ఇష్టం లేకపోతే వేరేవాళ్ళకి ఇస్తానని. మా అమ్మ ఫోను చేసి మరీ అరిచింది: "అడుసు తొక్కడమెందుకు, కాలు కడగడమెందుకు? వద్దని చెప్పవే అక్కా!"

పెద్దమ్మ ఒప్పుకుంది. ఎందుకని నేనడిగితే ఒక్కటే చెప్పింది. "జనం నోటి మాట జనంతో పోతుందే. పుస్తకంలో పడ్డది పోదు. ఆ మంటల అధ్యాయంలో మా నాన్న ఎలా పడతాడో నా చేతుల మీదుగా పడాలి."

మొదటి రెండు టేపులు మామూలుగానే నడిచాయి. మూడో టేపు కొట్టిన కాగితం నా దగ్గరికి వచ్చినప్పుడు నేను పెన్ను పక్కన పెట్టాను. మా లెక్కలో పబ్లిషరుగారి ప్రశ్నకి 'ప్ర' అనీ, రాజావారి జవాబుకి 'రా' అనీ గుర్తులు. కంపెనీలో తనని మొదట ఎక్కడ పరీక్షించారో రాజావారికి గుర్తు రాలేదు. ఐదు చుక్కలు. ఆ కింద ఏ గుర్తూ లేకుండా బ్రాకెట్లో: ఎవరో అందించారు, 'మేడ మెట్ల'. ఆ కింద రా: మేడ మెట్ల దగ్గర! అవును, అక్కడే నిలబెట్టి పాట పాడించారు.

"ఎవరండీ అందించింది?" అని పబ్లిషరుగారిని అడిగాను.

ఆయన తెల్లబోయారు. "గదిలో మేమిద్దరమే. నేను నోరు మెదిపితే ఒట్టు."

నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. టేపు బుసబుసలు, ఫ్యాను చప్పుడు, ముసలాయన ఊపిరి. అంతకన్నా ఏమీ వినిపించలేదు. పెద్దమ్మ నా మొహం వైపే చూస్తోంది. "వినిపించలేదా?" అంది. లేదన్నాను. "సరేలే," అని హెడ్‌ఫోన్లు తీసుకుంది.

నాలుగో టేపులో అలాంటివి ఏడు. ఐదో టేపులో పంతొమ్మిది. ముసలాయన ఆగిపోయిన ప్రతిచోటా రెండేసి ముక్కలు. ఆ ముక్కలు పట్టుకుని ఆయన చెప్పిన సంగతులు పాత కరపత్రాలతో పోల్చి చూస్తే తేదీలతో సహా సరిపోయాయి. నాకు భయమేసింది. కోపం కూడా వచ్చింది, ఎందుకంటే భయమేస్తే నాకు కోపమే వస్తుంది. "ఇది టేపు మీద టేపు చేసిన గోల. పాతది సరిగా చెరగలేదు, అంతే," అని గట్టిగా వాదించాను. పబ్లిషరుగారు అన్నీ కొత్త టేపులేనని బిల్లు తెచ్చి చూపించారు. ఆ మనిషికి ఎప్పుడేం చూపించాలో తెలియదు.

ఆదివారం మధ్యాహ్నం మేమిద్దరమే ఆఫీసులో ఉంటే అమ్మ వచ్చింది. పెద్దమ్మ ఏమీ చెప్పకుండా హెడ్‌ఫోన్లు ఆమె చెవులకి పెట్టి పెడలు నొక్కింది. మా అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. మెట్లెక్కుతూ మొదలుపెట్టిన కబురు ఇంకా చెబుతూనే ఉంది. సగంలో ఆగిపోయింది. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, చేతులు చీరకి తుడుచుకుంది.

"కట్టెయ్," అంది.

"ఎవరే?" అని అడిగింది పెద్దమ్మ.

"నా నోటితో చెప్పించకు. కట్టెయ్ ముందు."

ఇక మంటల అధ్యాయం వచ్చింది. సరిగ్గా ఆ వారం పబ్లిషరుగారికి గొంతు పట్టేసింది, మాట పెగలదు. మమ్మల్నిద్దరినీ వెళ్ళి టేపు చేసుకురమ్మన్నారు. మధ్యాహ్నం మూడింటికి వెళ్ళాం. పొడుగాటి గది, గోడల నిండా కిరీటాలతో ఆయన ఫోటోలు. చేతుల కుర్చీలో రాజావారు. ఆయనకి ఎడమ పక్కన లోపలి గదికి దారి, దానికి మందపాటి తెర. కిటికీలు మూసి ఉన్నాయి, గాలి లేదు, తెర కదలడం లేదు. ఆయన మాత్రం కాస్త ఆ వైపుకే ఒరిగి కూర్చున్నారు.

"మీది ప్రాంప్టరుగారి పోలికమ్మా," అన్నారు పెద్దమ్మని చూసి. "మీ నాన్న ఇంకా బాగా అందిస్తున్నాడు. వయసు మీద పడ్డా గొంతు చెక్కుచెదర్లేదు."

నేను పెద్దమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఆమె విడిపించుకుంది.

ఆయన కోడలు మంచినీళ్ళు తెచ్చి పెడుతూ, "తెర వెనక స్టూలు ఉంటుందండీ, తియ్యనివ్వరు. నేనే రెండుసార్లు తట్టుకుని పడ్డాను," అని నవ్వి వెళ్ళిపోయింది.

ఆయన చొక్కాకి మైకు పెట్టి నేను ఎదురుగా కూర్చున్నాను. ప్రశ్నలు నేనడగాలి. పెద్దమ్మ లేచి తెర అవతలికి వెళ్ళింది. దారిలో ఆమె నాకేమీ చెప్పలేదు. అయినా తెర అంచు పట్టుకుని ఆమె లోపలికి తప్పుకుంటున్నప్పుడే నాకు అర్థమైపోయింది. వద్దు పెద్దమ్మా అనాలి. అనలేదు. దీపంవాళ్ళ పిల్ల అన్న మాట నేనూ పడ్డాను కదా, నాకూ కావాలనిపించింది. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

"ఆ రోజు మంటలు ఎలా వచ్చాయండీ?" అని అడిగాను.

రాజావారు ఆలోచించారు. కళ్ళు మూసుకున్నారు. "ఆ రోజు... ఆ రోజు..." అని ఎడమ పక్కకి ఒరిగారు. చెవి తెరకి దగ్గరగా వెళ్ళింది.

అప్పుడు వినిపించింది. అచ్చం సరుకుల చీటీ చదువుతున్నట్టు, ఏ భావమూ లేకుండా, మా పెద్దమ్మ గొంతు: "దీపానికి నా అంగీ తగిలింది."

"దీపానికి నా అంగీ తగిలింది!" అన్నారు రాజావారు.

గోడల మీది ఫోటోలు అదిరిపోయే గొంతు. ఎనభై నాలుగేళ్ళ మనిషిలో అది ఎక్కడ దాక్కుందో నాకు తెలియదు. "నా వల్లే ఆ మంట! నా అంగీ వల్లే!" అని గుండెలు బాదుకున్నారు. కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి. అది నటనో నిజమో ఆయనకే తెలియదు. ఒక ముసలివాడి నోట్లో మనం పెట్టిన మాట అది. ఆయన నమ్మి అందుకున్నాడు.

కాసేపటికి గొంతు తగ్గింది. మళ్ళీ ఎడమ పక్కకి ఒరిగారు, ఇంకేదో వింటున్నట్టు. పెదవులు మాత్రం కదిలాయి. నాకేమీ వినిపించలేదు. పెద్దమ్మ అప్పటికే తెర ఇవతలికి వచ్చి నా పక్కన నిలబడి ఉంది.

నేను టేపు ఆపేశాను. వీధిలోకి వచ్చాక పెద్దమ్మ ఒక్క మాట అంది. "ఆ స్టూలు వెచ్చగా ఉందే."

మర్నాడు పొద్దున్న ఆఫీసులో ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. నేను ఎదురు బల్ల దగ్గర ప్రూఫులు ముందేసుకుని ఆమెనే చూస్తున్నాను. టైపు మిషను చకచకా నడిచింది. ఆగింది. పెడలు నొక్కిన చప్పుడు, వెనక్కి తిరిగిన చప్పుడు, మళ్ళీ పెడలు. పది సార్లు. ఇరవై సార్లు. ఆమె కళ్ళు ఎక్కడో నిలబడిపోయాయి.

"ఏంటి పెద్దమ్మా?"

హెడ్‌ఫోన్లు నా చెవులకి పెట్టింది. రాజావారి ఏడుపు తగ్గిన చోటు. బుసబుసలు. తరవాత చొక్కాకి పెట్టిన మైకు పట్టుకున్న ఆయన గొణుగుడు, చాలా మెల్లిగా, పాఠం అప్పజెబుతున్నట్టు, ముక్కముక్కకీ మధ్య ఖాళీ వదులుతూ: "కాదు. కునుకు పట్టింది. కాలు చాచాను. దీపం పడింది. పరుగెత్తాను. తాడు దగ్గర ముసలాయనకి ఒక్క మాట అందించలేదు. తిరిగొచ్చేసరికి పొగ."

నాకు ఆయన గొంతు ఒక్కటే వినిపించింది. ఆ ఖాళీల్లో ఏముందో నేను అడగలేదు. నాటకం నడుస్తుంటే రాజుకి కునుకు పట్టదు. చాచడానికి ఆయన స్టూలు మీద కూర్చోలేదు. ఆ మాటలు అనగలిగిన మనిషి ఆ రోజు స్టేజి పక్కన ఒక్కడే ఉన్నాడు. ఈసారి తాతయ్య రెండు ముక్కలతో ఆగలేదు.

పెద్దమ్మ లేచి నిలబడింది. నలుగురూ వింటున్నారన్న స్పృహ కూడా లేదు.

"నలభై ఏళ్ళయింది! ఇప్పుడా నోరు తెరవడం? పలక చేతికిచ్చి ఆ రెండేళ్ళూ కాళ్ళావేళ్ళా పడ్డానే నేను! నీ మీద మాట పడనివ్వకూడదని వీధిలో ఎంతమందితో జుట్టూ జుట్టూ పట్టుకున్నాను! ఒక్క అక్షరం రాశావా? నేను నీ కోసం అబద్ధం చెబితే, నన్ను దిద్దడానికి వచ్చావా?"

ఎవరితో అంటోందో తెలియక గుమాస్తా లేచి నిలబడ్డాడు. నేను సైగ చేసి కూర్చోబెట్టాను.

కాసేపయ్యాక ఆమె దగ్గరికెళ్ళి చెవిలో చెప్పాను. "రాజావారు అరిచింది అందరికీ వినిపిస్తుంది. ఆ గొణుగుడు ఎవరూ వినరు. పబ్లిషరుగారి చెవులకి అంత లేదు. అక్కడిదాకా కొట్టి వదిలెయ్. తాతయ్య బయటపడతాడు. మనమూ బయటపడతాం."

"రాజావారు?"

నేను నా బల్ల మీది ప్రూఫుల వైపు చూశాను.

"ఆ తెర తాడు లాగే ముసలాయన కూతురు ఇంకా ఉందే," అంది పెద్దమ్మ. "కూరల కొట్టు దగ్గర కనిపిస్తుంది. నలభై ఏళ్ళుగా నన్ను చూసి తల తిప్పుకుంటుంది. గొప్పలు పోతోందని తిట్టుకునేదాన్ని. వాళ్ళ నాన్నని ఎవరూ పిలవలేదని ఆమెకి ఎవరూ చెప్పలేదు కదా. మా నాన్న చెప్పలేకపోయాడు. ఆయనకి జీవితమంతా వేరేవాళ్ళ నోరు కావాల్సొచ్చింది. సొంతానికి ఒక్క నోరు దొరకలేదు."

కూర్చుంది. కొత్త కాగితం ఎక్కించింది. నేను ఆమె భుజం వెనక నిలబడి చూస్తూనే ఉన్నాను. తన గుసగుస కూడా వదల్లేదు. దానికి 'పె' అని గుర్తు పెట్టుకుంది. ముందు ఏడు చుక్కలు. పె: దీపానికి నా అంగీ తగిలింది. రా: దీపానికి నా అంగీ తగిలింది. తరవాత ఆమె వేళ్ళు కాసేపు గాల్లో ఆగాయి. ఇన్నాళ్ళూ ఆ గొంతుకి ఏ గుర్తూ పెట్టని మనిషి, ఇప్పుడు రెండు అక్షరాలు పూర్తిగా కొట్టింది.

నాన్న: కాదు. కునుకు పట్టింది.

కాగితం చదివి పబ్లిషరుగారు తనే హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నారు. ఆయన గొంతు ఇంకా పూర్తిగా రాలేదు. "రాజావారి గొణుగుడు, చెవి పెట్టి వింటే తెలుస్తోందమ్మా. ఈ మధ్యలో ఉన్నది నాకు వినిపించలేదు," అన్నారు.

"మీకెందుకు వినిపిస్తుందండీ, అందించింది మీకు కాదుగా."

"మీ అబద్ధం కూడా మీరే కొట్టారు."

"కొట్టాను. అది మాత్రం పుస్తకంలో వెయ్యకండి, రాజావారి పరువు పోతుంది. మిగతాది వెయ్యండి. మా నాన్న పేరు పెట్టి వెయ్యండి."

ప్రూఫులు నా దగ్గరికే వచ్చాయి. ప్రాంప్టరుకి కునుకు పట్టిందని, కాలు తగిలి దీపం పడిందని, తాడు దగ్గరి ముసలాయనకి చెప్పకుండా పరుగెత్తి మళ్ళీ వెనక్కి వెళ్ళాడని, నాలుగు వాక్యాలు. ఎర్ర కలం నా చేతిలో ఉంది. ఒక్క గీత గీస్తే చాలు, నన్ను అడిగేవాళ్ళు లేరు. రెండు రోజులు ఆ పేజీ మిగతా పేజీల అడుగున పెట్టుకున్నాను. మూడో రోజు ఒక అచ్చుతప్పు దిద్ది పంపేశాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని అమ్మ ఏడ్చింది. అక్కతో మాటలు మానేసింది, నాతో కూడా సగం మానేసింది.

పుస్తకం ఇంకా ముగియలేదు, చివరి అధ్యాయం మిగిలింది. గొంతు కుదుటపడని పబ్లిషరుగారు మళ్ళీ మమ్మల్నే పంపారు. అదే గది, అదే మధ్యాహ్నం. ఈసారి పెద్దమ్మ ఆయన ఎదురుగానే కూర్చుంది. కంపెనీ మూసేసిన రోజు గురించి అడిగాను. రాజావారు మొదలుపెట్టారు. రెండు వాక్యాలు చెప్పి ఆగారు. ఎడమ పక్కకి ఒరిగారు. అలాగే ఉండిపోయారు. టేపు తిరుగుతూనే ఉంది.

ఇంకా ఒరిగారు, కుర్చీ చెయ్యి మీదకి ఒళ్ళంతా వాల్చి. ఆయన మొహంలో మెల్లిగా భయం వచ్చింది. వందల మంది ముందు నిలబడి నోరు తెరిచాక మాట లేదని తెలిసినవాడి భయం. తెర పక్కకి లాగి చూశారు. స్టూలు ఖాళీ.

"మీ నాన్న ఏడమ్మా?" అని అడిగారు.

పెద్దమ్మ లేచి ఆయన దగ్గరికి వెళ్ళి, ఆయన చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "లేరండీ రాజావారూ," అంది. "నాన్న పోయారు."

ఆ మాట ఆమె నోట రావడం నేను అదే మొదటిసారి విన్నాను. అక్కడే, ఆ ముసలాయన కుర్చీ పక్కన నేల మీద కూలబడి, నిన్న పోయిన మనిషి కోసం ఏడ్చినట్టు ఏడ్చింది మా పెద్దమ్మ.